అన్ని నీళ్లు తాగినా సోడియం ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 61 ఏళ్లు, బరువు 60 కిలోలు. మూడెకరాల దాళ్వా చేస్తున్నారు. ఎనిమిదేళ్లుగా బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నారు. బీపీ ఉందని ఉప్పు బాగా తగ్గించేశారు, మజ్జిగలో కూడా వేయనివ్వరు. ఏప్రిల్ ఆఖరున కోతలయ్యాక మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్లంలోనే ఉండి ధాన్యం ఆరబెట్టారు. వడదెబ్బ తగులుతుందేమోనని మేమే గంటగంటకీ నీళ్లు పంపాం. రోజుకి ఆరేడు లీటర్లు తాగి ఉంటారు. రెండో రోజు రాత్రి పిక్కలు పట్టేస్తే ఒళ్లునొప్పుల మాత్ర వేసుకున్నారు. మూడో రోజు సాయంత్రం తలనొప్పి, వాంతులు, తర్వాత మాట తడబడింది, నన్ను మా బాబాయి పేరుతో పిలిచారు. ఒళ్లు మాత్రం కాలలేదు. ఆసుపత్రిలో సోడియం 122 ఉందన్నారు, మూడు రోజులు ఉంచి నెమ్మదిగా ఎక్కించారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, పాత మాత్రే వాడుతున్నారు, కానీ కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. అన్ని నీళ్లు తాగిన మనిషికి ఇలా ఎందుకైంది? ఉప్పు తినమనాలా, వద్దా? కొబ్బరినీళ్లు ఇస్తే చాలని మా మామ్మ అంటోంది. వచ్చే దాళ్వాకి ఆయన మళ్లీ కళ్లంలోకి దిగొచ్చా?

జవాబు: అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఆసుపత్రి కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మాత్ర పట్టుకుని రేపే మీ డాక్టరుగారిని కలవండి. "ఈ మాత్ర వాడుతుండగానే సోడియం 122కి పడింది, ఇప్పుడు లేస్తే కళ్లు తిరుగుతున్నాయి" అని ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి. ఒకసారి థయజైడ్ రకం మాత్రతో సోడియం పడిపోయిన వారికి మళ్లీ అదే రకం ఇస్తే మళ్లీ పడే అవకాశం ఎక్కువ. మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, మార్పించండి. ఎందుకో కింద చెబుతాం.

మీ నాన్నగారికి జరిగింది వడదెబ్బ కాదు, ఒంట్లో నీళ్లు తక్కువైపోవడమూ కాదు. చెమటలో నీళ్లూ ఉప్పూ రెండూ పోయాయి, వెనక్కి నీళ్లు మాత్రమే వచ్చాయి. ఎక్కువైన నీటిని బయటికి పంపాల్సిన కిడ్నీలు ఆ మూడు రోజులూ ఆ పని చేయలేకపోయాయి. మీరు నీళ్లు పంపడం శ్రద్ధతో చేసిన పనే, అందులో మిమ్మల్ని తప్పుపట్టేది ఏమీ లేదు. ఎండలో పనిచేసేవారికి నీళ్లు ఇవ్వమని చెప్పేవాళ్లు ఉప్పు సంగతి చెప్పకపోవడమే లోపం.

శరీరం లోపలి వేడిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టే బాధ్యత మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌ది. బయట ఎంత వేడిగా ఉందో చర్మంలోని నరాలు దానికి చెబుతాయి. తన గుండా పారే రక్తం ఎంత వేడిగా ఉందో అది తానే కొలుస్తుంది. కండరం ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు కంటే తక్కువే పనిగా మారుతుంది, మిగతాది వేడే. ధాన్యం తిరగేస్తూ, బస్తాలు ఎత్తుతూ ఉన్న మనిషి ఒంట్లో పుట్టే వేడి ఊరికే కూర్చున్నప్పటికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అది పోవడానికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమట పడుతుంది. గాలి 35 డిగ్రీలు దాటిందంటే చర్మం నుంచి గాలికి వేడి పోయే దారి మూసుకుపోయినట్టే, ఇక చెమట ఆరడం ఒక్కటే దారి. లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. ఆరకుండా కారి నేల మీద పడితే వేడి ఏమీ తగ్గదు, నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి.

కోనసీమలో చిక్కు ఇక్కడే వస్తుంది. రెంటచింతలలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉందనుకోండి. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే అది సుమారు 26 చూపిస్తుంది. మీ ఊళ్లో 37 డిగ్రీలే ఉండి తేమ 60 శాతం ఉంటే అదే తడిగుడ్డ థర్మామీటరు సుమారు 30 చూపిస్తుంది. చెమట ఒంటిని ఎంతవరకు చల్లబరచగలదో చెప్పేది ఈ తడిగుడ్డ అంకే. అంటే టీవీలో చూపించే ఎండ అక్కడి కంటే ఐదు డిగ్రీలు తక్కువైనా, పనిచేసే ఒంటికి కోనసీమే కష్టం. సముద్రపు తేమకు తోడు కళ్లం చుట్టూ కొబ్బరితోట ఉంటే నీడ దొరుకుతుంది గానీ గాలి ఆడదు. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అందుకని మెదడు ఇంకా చెమట పట్టించమంటుంది. ఇలాంటి రోజున పనిచేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోవడం వింతేమీ కాదు.

ఇప్పుడు ఉప్పు లెక్క. లీటరు చెమటలో ఎంత సోడియం ఉంటుందన్నది మనిషిని బట్టి బాగా మారుతుంది. సగటున ఒక గ్రాము అనుకోవచ్చు, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు. రోజుకి 5 లీటర్ల చెమట పోతే 12 గ్రాములకు పైగా ఉప్పు పోయినట్టు, టీ చెంచాతో గీసి సమం చేసి కొలిస్తే రెండు చెంచాల పైమాటే. ఉప్పు తగ్గించుకుని తినే మీ నాన్నగారికి రోజంతా తిండిలో వెళ్లేది ఒక చెంచా కూడా ఉండకపోవచ్చు.

అరవై కిలోల, అరవై ఏళ్ల మనిషి ఒంట్లో నీరు సుమారు 33 లీటర్లు. రక్తంలో సోడియం లీటరుకు 140 ఉందనుకుందాం (ఇది మిల్లీమోల్స్ అనే కొలత, పైన చెప్పిన ఒక గ్రాము సోడియం ఇందులో దాదాపు 45). కణాల లోపల ఇదే పని పొటాషియం చేస్తుంది కాబట్టి, ఒళ్లంతా కలిపి చూస్తే 33 ఇంటూ 140, అంటే 4,620. చెమటలో లీటరుకు 45 చొప్పున 5 లీటర్లకు 225 పోయింది, దాని చోట 5 లీటర్ల మంచినీళ్లు వచ్చాయి. మిగిలిన 4,395ను 33తో భాగిస్తే 133 వస్తుంది. ఉండాల్సింది 135 నుంచి 145. ఒక్క రోజు పనికే గీత కిందికి వచ్చేసింది. మామూలుగా రాత్రి తిన్న కూరలో ఉప్పు కొంత, కిడ్నీ కొంత దీన్ని సరిచేస్తాయి, అందుకే ఎండలో నీళ్లు తాగిన ప్రతివారికీ ఇలా జరగదు. ఆయన విషయంలో ఆ రెండు ఆసరాలూ లేవు. మూడు రోజుల్లో 122కి రావడానికి అది చాలు.

కిడ్నీ ఎందుకు సరిచేయలేదన్నదే అసలు విషయం. రక్తం ఎంత చిక్కగా ఉందో కొలిచే కణాలు హైపోథాలమస్ దగ్గర ఉన్నాయి. ఒకటి రెండు శాతం తేడా వచ్చినా అవి పట్టేస్తాయి. చిక్కబడితే దాహం వేయిస్తాయి, పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను వదిలిస్తాయి. ఆ హార్మోను ఉన్నంతసేపు కిడ్నీ నీటిని వెనక్కి లాక్కుంటుంది, మూత్రం కొద్దిగా, ముదురు రంగులో వస్తుంది. రక్తం పలచబడితే ఆ హార్మోను ఆగిపోతుంది, అప్పుడు ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు గంటకు 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా నీటిని పారబోయగలవు. కాలువ లాకు దగ్గర లస్కరు గేజి చూసి తలుపులు ఎత్తి దించినట్టే ఇది నడుస్తుంది.

అయితే ఒంట్లో గేజి ఒక్కటి కాదు. రక్తం ఎంత చిక్కగా ఉందని చూసేది ఒకటి, అసలు రక్తం ఎంత ఉంది, ఏ ఒత్తిడితో పారుతోంది అని చూసేవి వేరే. అవి మెడలోని కెరోటిడ్ ధమనిలో, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని వంపులో, గుండె పై గదుల గోడల్లో ఉంటాయి. చెమటలో ఉప్పు పోయేకొద్దీ రక్తనాళాల్లో నిలిచే ద్రవం తగ్గుతుంది, ఎందుకంటే నీటిని అక్కడ పట్టి ఉంచేది ఆ ఉప్పే. ఎండకి చర్మం కింది నాళాలన్నీ వెడల్పై ఉన్నాయి కాబట్టి ఉన్న రక్తమూ చాలదు. ఈ లోటు పదో వంతు దగ్గరికి వచ్చిందంటే రెండో గేజి గట్టిగా ఒత్తిడి తెస్తుంది: వాసోప్రెసిన్ వదలమంటుంది. మొదటి గేజి "రక్తం పలచబడింది, ఆపు" అంటున్నా సరే. ఈ రెండూ ఎదురుపడినప్పుడు శరీరం రెండోదాని మాటే వింటుంది. మెదడుకి రక్తం అందడం ఆగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది, రక్తం పలచబడితే గంటలు, రోజులు వ్యవధి ఉంటుంది. ఆ లెక్కలో శరీరం చేసింది సరైన పనే. కానీ ఆ సమయంలో పైనుంచి లీటర్లకొద్దీ మంచినీళ్లు వస్తుంటే ఒక్క చుక్కా బయటికి పంపకుండా దాచుకుంటుంది. ఆ నీరు రక్తనాళాల్లో కూడా నిలవదు, కణాల్లోకి పోతుంది. అందుకని లోటు లోటుగానే ఉంటుంది, హార్మోను ఆగదు. వికారం, నొప్పి కూడా ఇదే హార్మోనును పెంచుతాయి, కాబట్టి వాంతులు మొదలయ్యాక పరిస్థితి ఇంకా దిగజారింది.

దీనికి మాత్ర తోడైంది. కిడ్నీ పలచని మూత్రం తయారు చేయాలంటే, తన గొట్టాల్లో ఒక చోట మూత్రంలోని ఉప్పును వెనక్కి తీసుకుని నీటిని మాత్రం వదలాలి. హైడ్రోక్లోరోథయజైడ్ పనిచేసేది సరిగ్గా ఆ చోటే. అక్కడ ఉప్పును వెనక్కి తీసుకోనివ్వదు. బీపీ తగ్గేది అలాగే. కాబట్టి ఆ మాత్ర మీద ఉన్న మనిషి మూత్రంలో ఉప్పు పోతూనే ఉంటుంది, ఎక్కువైన నీళ్లు మాత్రం పోవు. ఎనిమిదేళ్లు ఏమీ కాలేదంటే, ఎనిమిదేళ్లలో ఇంత చెమట, ఇన్ని నీళ్లు, ఇంత తక్కువ ఉప్పు ఒకేసారి కలవలేదన్నమాట. వయసు మీదపడినవారికి, సన్నగా ఉన్నవారికి, ఆడవారికి ఈ ముప్పు ఎక్కువ.

ఒళ్లునొప్పుల మాత్ర సంగతి కూడా గట్టిగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వాసోప్రెసిన్ ప్రభావాన్ని పెంచుతాయి, కిడ్నీలోకి రక్తం వెళ్లే నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టన్ జాతి మాత్ర, థయజైడ్, నొప్పిమాత్ర, ఈ మూడూ చెమటలు కారే రోజున కలిస్తే ఒక్కోసారి కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. కోతల రోజుల్లో సాయంత్రానికి నడుంనొప్పికి ఇంజెక్షను చేయించుకునే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. బీపీ మాత్ర వేసుకునేవారు ఆ పని చేయకూడదు. తప్పనిసరైతే పారాసెటమాల్ ఒక్కటే, అది కూడా రోజుకి 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగుకు మించకుండా.

మాట తడబడింది ఎందుకంటే, రక్తం పలచబడ్డప్పుడు నీరు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. మిగతా ఒళ్లు ఆ ఉబ్బు తట్టుకుంటుంది, పుర్రె లోపల మెదడుకి మాత్రం చోటు లేదు. తలనొప్పి, వాంతులు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఆ తర్వాత ఫిట్స్, ఈ వరసలో వస్తాయి. మూడు రోజులు పెట్టి నెమ్మదిగా ఎక్కించడం కూడా ఆసుపత్రివారు చేసిన మంచిపని. మెదడు కణాలు ఒకటి రెండు రోజుల్లో తమలోని లవణాలను కొంత వదిలేసి కొత్త స్థితికి సర్దుకుంటాయి. అప్పుడు సోడియాన్ని ఒక్కసారి పెంచేస్తే మెదడు నరాల పైపొర దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది. 24 గంటల్లో 8 నుంచి 10కి మించి పెంచకూడదన్నది నియమం.

ఇక చేయాల్సినవి. మాత్ర గురించి డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు హైడ్రోక్లోరోథయజైడ్ ఒక్కటే కాదు, క్లోర్‌థాలిడోన్, ఇండాపమైడ్ కూడా దాదాపు అలాగే పనిచేస్తాయని గుర్తుంచుకోండి. అట్ట మీద మాత్ర పేరు చివర హెచ్ అక్షరం కనిపిస్తే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నట్టే. కింద సన్నని అక్షరాల్లో రాసిన మందుల పేర్లు చదవండి. అమ్లోడిపిన్ లాంటివి సోడియాన్ని తగ్గించవు, మడమల దగ్గర కొంత వాపు తేవచ్చు. ఏది సరిపోతుందో ఆయన గుండె, కిడ్నీలు చూసి డాక్టరు నిర్ణయించాలి. మార్చిన ఒకటి రెండు వారాలకు సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. "థయజైడ్‌తో సోడియం పడిపోయింది" అని ఆయన ఫైలు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయించండి. ఊరు మారి కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఒక్క వాక్యమే పనికొస్తుంది.

లేచినప్పుడు కళ్లు తిరగడాన్ని ఇంట్లో కొలవొచ్చు. మనం నిలబడగానే అర లీటరు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. మెడలోని గేజి వెంటనే పట్టి గుండెను తొందరపెడుతుంది, నాళాలను బిగిస్తుంది. వయసుతో ఆ స్పందన నెమ్మదిస్తుంది, ఒంట్లో ద్రవం తక్కువగా ఉంటే చాలదు. ఆయన్ని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. పట్టుకోవడానికి పక్కన ఒకరు ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఆ అంకెలు రాసి డాక్టరుకి చూపించండి. మాత్ర మోతాదు ఎక్కువైందేమో చూడమని చెప్పే సూచన అది. వేసవిలో చాలామందికి బీపీ దానంతట అదే కొంత తగ్గుతుంది, శీతాకాలపు మోతాదే మే నెలలోనూ నడిపితే ఇలా అవుతుంది. అప్పటిదాకా గొంతుక్కూర్చుని బస్తాలు కుట్టే పని వద్దు. లేచే ముందు పిక్కలు పదిసార్లు బిగించి వదలమనండి.

ఉప్పు తినమనాలా అని అడిగారు. ఆయనకి రెండు రకాల రోజులున్నాయని అనుకోండి. ఇంటిపట్టున ఉండే రోజున బీపీ ఉన్నవారి నియమమే: రోజు మొత్తానికి 5 గ్రాములు, ఒక చెంచా లోపు. కళ్లంలో చెమటలు కారే రోజున, పోయిన ఉప్పు ఆ రోజే వెనక్కి రావాలి. దీనికి డాక్టరుగారి అనుమతి తీసుకోండి, ఎందుకంటే గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ సలహా వర్తించదు. లీటరు మజ్జిగలో గీసి సమం చేసిన అర చెంచా ఉప్పు వేస్తే అది దాదాపు లీటరు చెమటలో పోయిన ఉప్పుకు సమానం. అలాంటి మజ్జిగ గానీ గంజి గానీ తరవాణి గానీ రెండు లీటర్లు, మిగతా దాహానికి మంచినీళ్లు, రెండు పూటలా మామూలు ఉప్పు వేసిన భోజనం, పొద్దున చద్దన్నంలో ఆవకాయ ముక్క. ఐదు లీటర్ల చెమట పోయే రోజుకి ఈ లెక్క సరిపోతుంది. గంజికి ఇంకో గుణం ఉంది. అందులోని పిండి పేగులో గ్లూకోజుగా మారుతుంది, పేగు గోడ గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్ఎస్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీన్నే వాడి ఎన్నో ప్రాణాలు నిలిపారు.

ఉప్పు బిళ్లలు మింగించకండి, కడుపులో తిప్పి వాంతవుతుంది. "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పులో సగం దాకా పొటాషియం లవణం ఉండవచ్చు. టెల్మిసార్టన్ వాడేవారికి అది ప్రమాదం, పోయిన సోడియమూ దానితో అంతగా రాదు. సైంధవ లవణం కూడా ఉప్పే. బీపీకి మంచిదని చెంచాలకొద్దీ వేసుకోకూడదు, ఎండలో ప్రత్యేకంగా మేలు చేసేదీ ఏమీ లేదు.

ఓఆర్ఎస్ వాడితే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమన్నారో చూడండి. 20.5 గ్రాముల ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకు. సగం గ్లాసులో చిక్కగా కలిపితే పేగులోకి నీరు లాగేస్తుంది, విరేచనాలవుతాయి. డబ్బాల్లో వచ్చే తియ్యని పానీయాలు ఓఆర్ఎస్ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని దేశంలో ఆహార ప్రమాణాలు చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఇంట్లోనే చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు సమం చెంచాల పంచదార, అర సమం చెంచా ఉప్పు.

మామ్మగారి కొబ్బరినీళ్ల మాట సగం నిజం. రోజుకి ఒక బొండాం తాగితే దోషం లేదు. కానీ బొండాం నీళ్లలో ఎక్కువగా ఉండేది పొటాషియం, సోడియం కొద్దిగానే. చెమటలో పోయేది దానికి తలకిందులు. విడవకుండా కొబ్బరినీళ్లే ఇస్తే మంచినీళ్లు ఇచ్చినప్పటి కథే కొంచెం నెమ్మదిగా జరుగుతుంది. పైగా టెల్మిసార్టన్ పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతుంది. కిడ్నీ కాస్త మందగించిన మనిషికి రోజుకి ఐదారు బొండాలు పడితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. పాలూ పెరుగూలా ఇంట్లో దొరికేదే కాబట్టి కోనసీమలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎన్ని నీళ్లు తాగాలో దాహం ఒక్కదాన్ని బట్టి తేల్చలేం, అరవై దాటాక దాహం ఆలస్యంగా వేస్తుంది. మూత్రం రంగు కూడా ఈ రకం మాత్ర మీద ఉన్నవారిలో నమ్మదగ్గది కాదు. మీ దగ్గర అంతకంటే మంచి సాధనం ఉంది, ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా. పొద్దున పని మొదలెట్టే ముందు మూత్రానికి వెళ్లొచ్చి, లుంగీ ఒక్కదానితో తూగమనండి. మధ్యాహ్నం పని ఆపాక చెమట తుడుచుకుని మళ్లీ తూగాలి. కిలో తగ్గితే లీటరు లోటు. 60 కిలోల మనిషికి కిలో దాకా తగ్గుదల ఫర్వాలేదు, భోజనంతో, మజ్జిగతో సాయంత్రానికి తీరిపోతుంది. దానికి మించితే తాగింది చాలలేదు. బరువు పొద్దుటి కంటే పెరిగిందా, అప్పుడు మాత్రం నీళ్లు ఆపాలి. ఎండలో పనిచేసి బరువు పెరిగిన మనిషి అవసరానికి మించి తాగినట్టే. ఆ మూడు రోజులూ ఆయన్ని ఇలా తూచి ఉంటే రెండో రోజు మధ్యాహ్నమే తెలిసి ఉండేదేమో. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం కూడా అదే సూచన. తాగడం 15-20 నిమిషాలకు ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు. గంటకు 600 నుంచి 800 చాలు, ఎట్టి పరిస్థితిలోనూ లీటరు దాటనివ్వకండి.

వచ్చే దాళ్వాకి కళ్లంలోకి దిగొచ్చా అంటే, మాత్ర మారి, సోడియం రెండుసార్లు సరిగ్గా వచ్చి, నిలబడితే బీపీ పడకుండా ఉంటే దిగొచ్చు. కానీ మొదటి రోజే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాదు. శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి ఐదారు రోజుల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది, ఆ తర్వాత చెమట తొందరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. ఆల్డోస్టిరాన్ అనే హార్మోను చెమట గ్రంథుల్లోనే ఉప్పును వెనక్కి లాగుతుంది కాబట్టి ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. అలవాటు లేని మొదటి మూడు రోజుల చెమటే అన్నిటికంటే ఉప్పన. ఆయనకి ఇబ్బంది వచ్చింది సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే. మొదటి రోజు పనిగంటల్లో ఐదో వంతు, తర్వాత రోజుకి ఇంకో ఐదో వంతు చొప్పున పెంచండి. కోతలకు పది రోజుల ముందు నుంచే రోజూ పొద్దునపూట గట్ల మీద కొంత పని చేయిస్తే కళ్లం రోజులకి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. రెండు మూడు వారాలు ఎండకు దూరంగా ఉంటే ఆ అలవాటు పోతుంది.

తేమ 17 శాతానికి దిగకపోతే ధాన్యం కొనరన్న ఆదుర్దా రైతుకి ఉంటుంది, అది మాకు తెలుసు. అయినా బరకాల మీద ధాన్యం ఆరడానికి మనిషి పక్కన నిలబడక్కర్లేదు. పది లోపు ఒకసారి, మధ్యలో వేరెవరైనా ఒకసారి, నాలుగు దాటాక ఒకసారి తిరగేస్తే చాలు. తూర్పారబట్టే ఫ్యాను ఉంటే విరామంలో దాని ముందు తడి తువ్వాలు కప్పుకుని కూర్చోమనండి. ఆరని చెమటకి గాలే మందు. పని ఆపి కూర్చున్న మొదటి నిమిషంలో నాడి చూడండి. 110 దాటితే తర్వాతి విడత పనిని మూడో వంతు తగ్గించాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు, ఆ మాత్రలు నాడిని పెరగనివ్వవు.

మళ్లీ అలాంటి సాయంత్రం వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మాట తడబడితే అది ఏదైనా సరే 108కి ఫోను చేయండి, ఆ తర్వాత ఒళ్లు ముట్టుకుని చూడండి. ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బ. చెమట పడుతున్నా సరే అది వడదెబ్బే కావచ్చు. బండి వచ్చేదాకా ఆగకుండా నీడలో పడుకోబెట్టి, బోరు నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాను పెట్టండి. చంకల్లో, మెడకి, గజ్జల్లో ఐసు దొరికితే పెట్టండి. చల్లబరచడం ముందు, ప్రయాణం తర్వాత. పారాసెటమాల్ పనిచేయదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు, హైపోథాలమస్ పెంచుకున్న వేడి కాదు. స్పృహ సరిగ్గా లేని మనిషిని కాలువలోకో చెరువులోకో దింపకండి. ఒళ్లు చల్లగానో మామూలుగానో ఉండి, రోజంతా బాగా నీళ్లు తాగి, తలనొప్పి, వాంతులు, తికమక ఉంటే అది మీ నాన్నగారికి వచ్చినదే. అప్పుడు చుట్టూ చేరినవారు నీళ్లు తాగించబోతారు, వారిని ఆపాల్సింది మీరే. తికమకగా ఉన్న మనిషి నోట్లో ఏదీ పోయకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, సోడియం పరీక్ష చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లండి. "ఇన్ని లీటర్ల నీళ్లు తాగారు, ఈ మాత్ర వాడుతున్నారు" అని అడగకముందే చెప్పండి. పిక్కలు పట్టేయడం దగ్గరే గుర్తిస్తే ఇంత దూరం రాదు: పని ఆపించి, నీళ్లు ఆపి, ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు, ఆ రోజుకి మళ్లీ కళ్లం లేదు.

ఫిబ్రవరి ఆఖరుకల్లా, అంటే దాళ్వా పొట్ట మీద ఉండగానే, ఒకసారి రక్తపరీక్షలు, నిలబెట్టి బీపీ కొలత పూర్తి చేయించుకుని వేసవి మోతాదు ఖాయం చేయించుకోండి. కోతలు మొదలయ్యాక ఎవరికీ ఆసుపత్రికి వెళ్లే తీరిక ఉండదు.